మూతి లేని ముసుగు

"నిన్న కుర్చీని వీపు మీద మోసుకుంట తిరిగినవ్ గదా బిడ్డా, అది కుర్చీ కాదు," అన్నాడు పరుశురాం చాయ్ గ్లాసు కింద పెడుతూ. "అది సాంచ."

సింధూజ కలం ఆపి నవ్వింది. "కరెక్ట్ నాయినా! మా మేడం గూడ అంత జల్ది పట్టలే."

పరుశురాం కూర్చున్నచోటే జానెడు పెరిగాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా సూరత్‌లో చెవులు దిమ్మెక్కే హోరులో కరెంటు మగ్గాలు నడుపుతున్నవాడికి మగ్గాన్ని గుర్తుపట్టడం గొప్పేం కాదు. సాంచను సాంచ అన్నందుకు ఎవరూ శాలువా కప్పరు. ఆ సంగతి తెలిసి కూడా మీసం మీదికి చెయ్యి పోయింది.

సింధూజ కాలేజీలో నాటకం చదువుతోంది. చేరేటప్పుడు ఇంట్లో పెద్ద గొడవే అయింది. వరాఛాలో వజ్రాల ఆఫీసులో కంప్యూటర్ కొలువుంది, అందులో చేరమన్నాడు తండ్రి. కూతురు వినలేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. పరుశురాం ఒక్కసారి ఆమె నాటకం చూస్తాడు. నచ్చితే చదువు, నచ్చకపోతే వరాఛా.

నిన్న ఆ నాటకం చూశాడు. స్టేజీ మీద రాజు లేడు, ఇల్లు లేదు, తలుపు లేదు. తన కూతురు ఒక్కతే ముఖమంతా తెల్లగుడ్డ ముసుగు కప్పుకొని, మనిషి నడిచినట్టు నడవకుండా, పదిహేను నిమిషాలు ఆడింది. ముసుగుకు కళ్ల దగ్గర రెండు రంధ్రాలున్నాయి గానీ మూతి లేదు. మధ్యమధ్యలో జనం నవ్వారు. ఎందుకో తెలియకపోయినా పరుశురాం కూడా వెనకబడకుండా నవ్వాడు. చివర్లో పక్కింటి బిక్షపతి కళ్లు తుడుచుకున్నాడు. తిరిగి కోసాడ్ క్వార్టర్సుకు వచ్చేదాకా ఆటోలో బిక్షపతి ఏదో చెబుతూనే ఉన్నాడు. పరుశురాం ధ్యాసంతా నాటకం మీదే ఉండి, తల ఊపుతూ కూర్చున్నాడు.

ఇప్పుడు సింధూజ ఆ నాటకం మీద విశ్లేషణ రాసివ్వాలి. అందులో ఒక ప్రేక్షకుడి అభిప్రాయం ఉండాలి. అతను చెప్పింది ఒక్క అక్షరం కూడా మార్చకూడదు, కింద అతని సంతకం ఉండాలి. తోటివాళ్లంతా లెక్చరర్లను పట్టుకున్నారు. ఈ పిల్ల తండ్రిని పట్టుకుంది.

పరుశురాంకు నవ్వొచ్చింది. తన నాటకానుభవం ఎంత? చిన్నప్పుడు ఊళ్లో భాగోతంలో భటుడి వేషం. చెప్పాల్సింది "ప్రభూ" అని ఒక్క మాట. అదీ మరిచిపోయాడు. అలాంటివాడు ఈవేళ విమర్శకుడు!

"శరీరం గురించి చెప్పు నాయినా," అంది సింధూజ ఎదురుగా కూర్చుంటూ.

"రాసుకో. నీ కుడిచెయ్యి మనిషిది, ఎడమచెయ్యి మషీన్‌ది. మొదాలు రెండు కొట్లాడినయ్. ఆఖరికి రెండు చేతులు మషీన్‌వే అయినయ్." చాయ్ గ్లాసును పక్కకు జరిపాడు. "ఆడ నాకు కండ్లల్ల నీళ్లచ్చినయ్. అది రాయకు."

"రాస్త. మేడం ఏం మార్చద్దన్నది."

ఇంతలో భార్య కనకవ్వ వచ్చి ఉప్మా పళ్లెం అతని ముందు ఠక్కున పెట్టింది. "పదిసార్లు పిలిస్తె గాని పలుకడు, మహారాజు!"

"కళ గురించి మాట్లాడుతున్నమే," అన్నాడు పరుశురాం.

సింధూజ తలవంచుకొని కాగితం మీద చూసి ఏదో అడిగింది.

"జర ఇటు తిరిగి చెప్పు బిడ్డా."

సింధూజ తలెత్తింది. "గొంతు నాయినా. గొంతుతోని నేనేం చేసిన్నో చెప్పు."

పరుశురాం పెద్దగా నవ్వాడు. "నన్ను పరీక్ష చేస్తున్నవా? ఏం చెయ్యలే! గదే గదా గొప్ప! పదిహేను నిమిషాల్ల ఒక్క మాట లేదు. ముసుగుకు మూతి ఎందుకు పెట్టలే? మనసొంటోళ్లకు ఈ ఊర్ల నోరు యాడిది? సేఠ్ హిందీల తిడితె తలకాయ ఊపుతం, గుజరాతీల తిడితె గూడ గదే తలకాయ. నువ్వు మాట్లాడితె నాటకం పాడైతుండె. సప్పుడు చెయ్యకుంట అంతా చెప్పినవ్."

కలం ఆగిపోయింది. తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తన విశ్లేషణ సూటిగా తగిలిందనుకున్నాడు పరుశురాం. పెళ్లయిన ఇన్నేళ్లలో కనకవ్వ దగ్గర ఎదురుమాట లేకపోవడం ఇదే మొదటిసారి. ఆ ఊపులో తీర్పు కూడా చెప్పేశాడు.

"వరాఛా కొలువు లేదు, ఏం లేదు. నువ్వు నాటకమే చదువు. సాటి చెప్తున్న, నా బిడ్డ మాట్లాడకుండనే జనాన్ని ఏడిపించింది!"

ఎగిరి గంతేస్తుందనుకున్న పిల్ల తల దించుకొని రాస్తూనే ఉంది. కాగితం మీద ఒక కన్నీటి బొట్టు పడింది.

"సంబరానికి గింత ఏడుస్తరా, పిచ్చిదానా!"

సింధూజ కాగితం తండ్రి వైపు తిప్పి, కలం అతని చేతిలో పెట్టింది. సేఠ్ ఇచ్చిన కాగితాల మీద ఏనాడూ చదివి సంతకం పెట్టినవాడు కాదు పరుశురాం. కానీ ఇవి తన మాటలు. అద్దాలు పెట్టుకొని, వేలితో అక్షరాల వెంట పోతూ చదివాడు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, కండ్లల్ల నీళ్లు, మూతి లేని ముసుగు, తలకాయ ఊపడం, అన్నీ తను అన్నది అన్నట్టే ఉన్నాయి. విమర్శకుడికి తన మీద తనకే ముచ్చటేసింది.

అన్నిటికంటే కింద, సంతకం పెట్టాల్సిన చోట, తను చెప్పని వాక్యం ఒకటి ఉంది.

"నాయినా, నేను పదిహేను నిమిషాలు మాట్లాడుతనే ఉన్న."