ఫ్రిజ్జులో పెట్టిన ఉత్తరం

"ఫ్రిజ్జులోనా? హార్డ్ డిస్కునా?" ఫిలిప్ నోరు తెరిచాడు.

"ఐసు కట్టే పై అరలో," అన్నాడు వాసిం, డిస్కును ప్లాస్టిక్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేస్తూ. "టక్కు టక్కుమనడం విన్నారుగా? ఆఖరి ఘడియల్లో ఉంది. బాగా చల్లబడితే ఒక్కోసారి పది నిమిషాలు తిరుగుతుంది. ఈలోపు ఏది కావాలో ఒక్కటి చెప్పండి, లాగుతాను. ఆ తర్వాత ఇక అంతే సంగతులు."

"ఒక్కటే. ఉత్తరం. మా ఆవిడ రాసింది."

వాసింకి సంగతి తెలుసు. చిలకలూరిపేటలో ఎవరికి తెలియదు కనుక! ఫిలిప్ మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. భార్య మహిమ ఇక్కడే ఓ ప్రైవేటు స్కూల్లో టీచరు. పన్నెండు రోజుల క్రితం ఇంట్లో పురుగుల మందు తాగి చనిపోయింది. ఇంటి కంప్యూటర్లో ఆమె రాసిపెట్టిన ఉత్తరాన్ని ఆ రోజే చూశానంటాడు ఫిలిప్. ఆ దుఃఖంలో ప్రింటు తీయాలని తోచలేదట. తీరా తీద్దామని కూర్చుంటే డిస్కు మొండికేసింది.

అవతల అత్త రెబ్కా కేసు పెట్టింది, తన బిడ్డను అల్లుడే చంపాడని. ఉత్తరం తెస్తే సరి, లేకపోతే లోపలేస్తానని ఎస్సై తేల్చి చెప్పాడు. చర్చి పెద్దలు మధ్యలో పడి, ముందు నీ చెవులారా ఆ ఉత్తరం విను, నిజమైతే కేసు వెనక్కి తీసుకో అని రెబ్కాను ఒప్పించి పంపారు.

ఆ రెబ్కాయే ఇప్పుడు షాపు గుమ్మంలో కూర్చుని ఉంది. నలభై దాటవు. మిరపకోతల నుంచి తిన్నగా వచ్చినట్టుంది, మండే చేతుల్ని చెంగుకు తుడుచుకుంటూనే ఉంది. కంట్లో ఒక్క చుక్క లేదు. అల్లుడికి మాత్రం ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. వాసింకి ఒళ్లు మండింది. పోయిన పిల్ల ఎలాగూ పోయింది, ఉన్నవాణ్ణి కూడా పీక్కుతినాలా?

షాపు వెనకే ఇల్లు. డిస్కును ఫ్రిజ్జులో పెట్టొచ్చి, "టీ తెప్పించనా?" అని అడిగాడు.

"వద్దు బాబూ. బిడ్డ మాట వినే పోతా."

"అమ్మాయి మీ ఊరొచ్చి ఎన్నాళ్లయింది?"

"పెళ్లయి ఏడాదిన్నర. ఒక్కసారీ రాలా. ఫోనూ లేదు."

"సెలవు దొరకలేదు కదత్తమ్మా," ఫిలిప్ గొంతు జీరబోయింది. "మా అమ్మ, మా అమ్మ అని ఎప్పుడూ మిమ్మల్నే తలుచుకునేది."

రెబ్కా మొహం పక్కకు తిప్పుకుంది. రాయి, అనుకున్నాడు వాసిం.

రెండు గంటలయ్యాక డిస్కు తెచ్చి, తడి తుడిచి, తన కంప్యూటరుకు తగిలించాడు. సన్నగా తిరిగింది. టక్కుమనలేదు! ఫైళ్ల పేర్లు వరసగా కనపడ్డాయి. ఫిలిప్ వేలు పెట్టి చూపించిన ఫైలును గబగబా కాపీ చేశాడు. ఇంకోటేదన్నా తీద్దామనేలోపు టక్కు టక్కుమని డిస్కు కాస్తా ఆగిపోయింది.

"వచ్చింది, గండం గడిచింది!" అన్నాడు వాసిం.

"దేవుడికి స్తోత్రం." ఫిలిప్ రెండు చేతులూ జోడించాడు. "మీరే చదవండి వాసిం గారూ, నావల్ల కాదు. అత్తమ్మకు చదవడం రాదు."

తెలుగు ముక్కలే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఉన్నాయి. వాసిం కూడబలుక్కుని చదివాడు.

"అమ్మా, నన్ను క్షమించు. ఈ కడుపునొప్పి ఇక భరించలేను. నా చావుకు ఎవరూ కారణం కాదు. ఆయన నన్ను బంగారంలా చూసుకున్నారు. అమ్మా, ఆయన్నేమీ అనొద్దు. ఇట్లు, మహిమ."

పాపం, ఓ అమాయకుడు జైలు తప్పించుకున్నాడు. అదే చాలు, అనుకున్నాడు వాసిం.

"విన్నారుగా అత్తమ్మా," ఫిలిప్ వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఇక కేసు వెనక్కి తీసుకుంటారా?"

రెబ్కా లేచి నిలబడింది.

"మొదటి మాట మళ్లీ చదువు బాబూ."

"అమ్మా, నన్ను క్షమించు..."

"మొదటి మాట ఒక్కటే."

"అమ్మా."

రెబ్కా అల్లుడి మొహంలోకి సూటిగా చూసింది.

"నా బిడ్డ నన్నేనాడూ అమ్మా అనలా బాబూ, అక్కా అనే పిలిచేది."