నాలుగో క్యాసెట్

ఐలయ్య చేతిలో మొదట ఉన్నవి ఇవి: రెండు టీవీలు, రెండు వీడియో గేమ్ డబ్బాలు, నాలుగు క్యాసెట్లు, సిద్దిపేట బస్టాండు వెనుక కిరాయికి తీసుకున్న ఒక దుకాణం మడిగె.

బాపు మగ్గం అమ్మితే వచ్చినవి ఇవన్నీ. ఇంట్లో అవ్వ మగ్గం ఇంకొకటి ఉంది. దాన్ని అతను లెక్కలో వేసుకోలేదు.

1994 ఎండాకాలం సెలవులు. మడిగె నిండా పోరగాళ్లు.

మూడు క్యాసెట్లు బాగా నడిచాయి. ఒకదానిలో ఉరుకుడు, ఒకదానిలో తుపాకులు, ఒకదానిలో మోటారు బండ్లు.

నాలుగోదాన్ని ఎవరూ ముట్టలేదు.

అందులో ఒక నీలి పిట్ట. దాన్ని పొలం మీంచి పొలం దాటించి, పొద్దు మునిగేలోపు గూటికి చేర్చాలి. అంతే.

"కొట్టుడు లేదు, కాల్చుడు లేదు. ఇదేం ఆటనే ఐలన్నా? మా నాయనమ్మకియ్యి, ఆడుకుంటది" అన్నాడొకడు, దాన్ని పెట్టిన రెండు నిమిషాలకే పీకేయబోతూ.

"ఉంచు బిడ్డా, తియ్యకు."

వాకిట్లో ఎవరో బయటి ఊరి ముసలాయన. దళసరి కళ్లద్దాలు, భుజాన గుడ్డ సంచి. లోపలికొచ్చి టీవీ ముందు కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి రోజూ వచ్చాడు. గంట కిరాయి ముందే చేతిలో పెట్టేవాడు.

మూడో పొలంలో పిట్ట గట్టు మీద రెక్కలు విప్పి నిలబడుతుంది. అక్కడికి చేరగానే రిమోట్ ఒళ్లో పెట్టుకునేవాడు. పొద్దు మునిగి ఆట అయిపోతే మళ్లీ మొదటి నుంచి పెట్టేవాడు.

"ఆడవేంది కాకా?" అని ఐలయ్య అడిగాడు.

"ఆడుతున్న తమ్మీ."

"పిట్ట నిలబడ్డది గద!"

"నిలబడాలెననే వచ్చిన."

పోరగాళ్లు ఈలలు వేశారు. "కాకకు పిట్ట మీద మనసైందిరో!"

"నవ్వున్రి" అన్నాడు ముసలాయన, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఒక్కొక్క ఈకకు ఒక్కొక్క రంగు. పొద్దు వాలినకొద్దీ అన్ని రంగులు మారుతున్నయి. ఏ దేశపోడు చేసిండో గని, మస్తు కండ్లు పోగొట్టుకొని చేసిండు. ఒక్కడన్న చూడకపాయె."

"మెచ్చుకుంటే కిరాయి ఎల్లదు కాకా" అన్నాడు ఐలయ్య.

ముసలాయన పెదవులు కదులుతుండేవి, బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద నడుస్తుండేది. జపం చేసుకుంటున్నాడనుకున్నాడు నేతగాని కొడుకు ఐలయ్య.

ఆ వారమే ఇంట్లో తల్లి కొండవ్వ అన్నం పెడుతూ చెప్పింది.

"చీరెలు పోతలేవు కొడుకా. నెలాఖరుకు చీరె మీదికి కొత్త బొమ్మ చూపియ్యకుంటే మా నేత సంఘానికి నూలు బందట."

"బందైతే ఏమైతది?"

"నలభై మగ్గాలు ఆగుతయి. అందుల నాదొకటి."

"మంచిదే అవ్వా. ఇంట్ల కూసోని తిను."

"ముప్పై ఏండ్లు మగ్గం గుంటల కాళ్లు పెట్టి బతికిన. ఊకె కూసుంటే ముద్ద దిగుతదారా?"

ఐలయ్య చెయ్యి కడుక్కున్నాడు.

శనివారం ముసలాయన లేస్తుంటే ఐలయ్య చెప్పాడు.

"రేపు ఈ క్యాసెట్ హైదరాబాద్‌ల మార్పిస్తున్న కాకా. కుస్తీ ఆట వచ్చిందట."

ముసలాయన మళ్లీ కూర్చున్నాడు.

"నాలుగు దినాలు ఉంచు తమ్మీ. సగమే అయింది."

"నాలుగు దినాలంటే నాకు సీజన్ పోతది."

"కిరాయి రెండింతలు ఇస్త."

ఐలయ్య మనసులో లెక్క వేశాడు. రెండింతలిచ్చినా మనిషి ఒక్కడే. కుస్తీకి పది మంది వరుస కడతారు.

"కుదరదు."

"నాకు గా పిట్ట ఎందుకు గావాల్నంటే..."

"ఎందుకు, ఏమిటికి అని అడుగుకుంట కూసుంటే వ్యాపారం సాగదు కాకా."

ముసలాయన సంచి భుజాన వేసుకుని లేచాడు.

సోమవారం రెండు టీవీల మీదా కుస్తీయే అడిగారు. నిలబడడానికి జాగ లేదు. ముసలాయన వాకిట్లోనే ఆగిపోయాడు.

"పిట్టేది?"

"ఎగిరిపాయె కాకా!" అని అరిచాడొకడు. మడిగె అంతా నవ్వింది. ఐలయ్యా నవ్వాడు.

"ఏ దుకాణంల ఇచ్చినవ్ తమ్మీ?"

ఐలయ్య పేరు చెప్పాడు. ముసలాయన కళ్లద్దాలు తుడుచుకుని బస్టాండు వైపు నడిచాడు.

హైదరాబాద్ బస్సును దారిలో లారీ గుద్దిందని సాయంత్రం తెలిసింది. ముగ్గురు పోయారట. అయ్యో అన్నాడు ఐలయ్య. ఆ వెంటనే పక్క టీవీ వాళ్లకు టైం అయిందని కేకేశాడు.

ముసలాయన మళ్లీ రాలేదు.

నెలాఖరున ఐలయ్య ఇంటికి పోయేసరికి మగ్గం విప్పి ఉంది. కట్టెలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. కొండవ్వ గుంట పక్కన కూర్చుని ఒళ్లో ఒక కాగితం పరుచుకుని చూస్తోంది.

"ఏందవ్వా అది?"

"సంఘంల అడిగి తెచ్చుకున్న. దీన్ని నేసే నసీబు లేకపాయె."

నేతకు ముందు బొమ్మ గీసుకునే చిన్న చిన్న గళ్ల కాగితం, గడికో పోగు లెక్క. గళ్లలో రంగులు నింపిన నీలి పిట్ట. ఒక రెక్క ఈక ఈకకూ నిండుగా ఉంది. రెండో రెక్క ఉండాల్సిన చోట ఉత్త గళ్లు.

ఐలయ్య ఆ ఉత్త గళ్ల మీద వేలు పెట్టాడు.

"ఎవలేసిన్రు?"

"దుబ్బయ్య సారు. బొమ్మలేసుట్ల ఆయనంతటోడు లేడు. సంఘపోళ్లు బతిమాలితే దుబ్బాక నుంచి వచ్చిండట. పైస ముట్టలె. ఈడనే మంచి పిట్ట దొరికింది, ఇగ మగ్గాలు ఆగవని సంబరపడ్డడట. గా లారీ గుద్దిన బస్సులనే పానం పోయింది కొడుకా."

ఐలయ్య లెక్క అక్కడ తేలింది: చేతిలో నాలుగు క్యాసెట్లు, నాలుగూ నడుస్తున్నవే, ఇంట్లో మగ్గం లేని గుంట ఒకటి, తాను నవ్వి పంపిన మనిషి ఒకడు, అవ్వ మగ్గాన్ని నిలబెట్టడానికే వచ్చినవాడు.