కరకట్ట మీద అమెరికా ఊళ్లు

అవనిగడ్డ బడిలో పంతులమ్మ శారదాంబ చీకటి పడ్డాక కరకట్ట మీద ఇంటికి వస్తుంటే గాలికి లాంతరు ఆరిపోయింది. కృష్ణకు వరద తీసిందన్న మాటే గాని, కింద నీళ్ల చప్పుడు తగ్గలేదు.

భయం వేస్తే ఆమెకు చిన్నప్పటినుంచీ ఒకటే మందు. బందరులో భూగోళం చెప్పిన తండ్రి అనంతపద్మనాభంగారు చీకట్లో నడిపిస్తూ ఆడించిన ఆట. ఒకే అక్షరంతో మొదలయ్యే అమెరికా ఊళ్లు చెరొకటీ చెప్పుకుంటూ నడవాలి. తట్టనివాళ్లు ఓడినట్టు, ఉన్నచోటే ఆగిపోవాలి. ఆయన పోయి ఏడాదైంది. ఇప్పుడు రెండు వంతులూ ఆమెవే.

"బోస్టన్," అంది నడుస్తూ.

"బాల్టిమోర్," అంది ముందు నుంచి ఒక గొంతు.

ఒళ్లు జల్లుమంది. అయినా కాళ్లు ఆగలేదు. ఆ గొంతులోని జీర ఆమెకు తెలుసు.

"బఫెలో," అంది మెల్లిగా.

"బర్మింగ్‌హామ్."

"బిస్మార్క్."

"బాటన్ రూజ్. ఊఁ, చెప్పమ్మాయ్."

ఎంత ఆలోచించినా ఇంకో ఊరు తట్టలేదు. అలవాటు కొద్దీ ఉన్నచోటే ఆగిపోయింది. కాలి ముందు నుంచి మట్టిపెళ్ల ఒకటి విరిగి, చాలా కింద నీళ్లలో పడింది. అక్కడితో కట్ట తెగిపోయి ఉంది.

మరి ఆ గొంతు ఎక్కడ నిలబడి పలికినట్టు?

శారదాంబ చీకటికేసి రెండు చేతులూ జోడించింది. "ఓడిపోయాను నాన్నగారూ," అంది. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి.

ఈసారి గొంతు ఆమె వెనక నుంచి వచ్చింది, చెవి పక్కనే.

"ఇటు తిరుగు తల్లీ. రెండో ఆట చకారంతో."