తెరకు అడ్డంగా

ముందు వరుసలోని ముసలామె లేచి తెరకు అడ్డంగా నిలబడింది.

జమ్మలమడుగు కల్యాణమండపం హోరెత్తిపోయింది.

"ఏమ్మో, పక్కకు జరుగు! ఏం కనపడల్యా!"

"కనపడకూడదనే నిలబడినా."

తెరమీద ముప్పై ఏళ్ల కిందటి పోలీసు ఫోటో. ఫ్యాక్షన్ కక్షలో మిట్టకొట్టాల అనే పల్లెను తగలబెట్టినప్పుడు చంపిన ఆడవాళ్లు కళ్లంలో పడివున్నారు. ఒంటిమీద బట్టలు సరిగా లేవు.

ముసలామె కొంగును రెండు చేతులా పరిచి పట్టుకుంది.

ఆ డాక్యుమెంటరీ తీసింది ప్రొద్దుటూరు అమ్మాయి జెస్సికా. విసురుగా వచ్చింది.

"అవ్వా, ఇది నిజంగా జరిగిన ఘోరం. దాచిపెడితే జనం మర్చిపోతారు. చూడల్ల."

"చంపినోళ్ల పేర్లు చెప్పు. ఎట్ల చంపినారో చెప్పు. ఎవురొద్దన్యారు? ఈ బిడ్డల ఒంటిమింద గుడ్డ లేనిది ఊరందరికీ ఎందుకు చూపిస్తాండావు? నీ తల్లయితే చూపిస్తావా?"

జెస్సికా ముఖం ఎర్రబడింది.

"సినిమా ఆపమని నిన్ను ఆ చంపినోళ్లే పంపినారా?"

ముసలామె కొంగు భుజాన వేసుకుని బయటికి నడిచింది.

సినిమా అయిపోయింది. చప్పట్లు కొట్టి జనం వెళ్లిపోయారు.

ఆనందయ్య ఒక్కడే కుర్చీలోంచి లేవలేదు. ఆ ఫోటోలో ఉన్నవాళ్లలో ఒకామె అతని తల్లి.

జెస్సికా అతని పక్కన కూర్చుంది.

"ఆమె చేసిన గొడవకు నొచ్చుకోవద్దు మామా."

"ఆమెకు కాదమ్మా నేను నొచ్చుకున్యాది. ఆ ఫోటో వస్తానే తల వంచుకుంటి. లేచి ఆపమందామంటే నాకు కాళ్లు రాల్యా. అంతలో ఖమర్‌బీ లేచింది."

"ఆమె మీకు తెలుసా?"

"మిట్టకొట్టాలలో ఎవురికి తెలీదు?"

జెస్సికా బయటికి పరుగెత్తింది. మెట్లమీద ఎవరూ లేరు. మైదుకూరు బస్సెక్కి పోయిందని టీ బంకు మనిషి చెప్పాడు.

తిరిగి వచ్చేసరికి ఆనందయ్య ఖాళీ తెరవైపే చూస్తున్నాడు.

"సినిమా కోసం మీ ఊళ్లో అంతమందిని అడిగితే, ఆమె పేరు మీరెవ్వరూ నాకు చెప్పలేదే మామా?"

"నువ్వు చంపినోళ్ల గురించే అడిగితివి."

అతను తెరమీంచి చూపు తిప్పి ఆమెవైపు తిరిగాడు.

"ఆ పొద్దు భయంతో మా సొంత బంధువులే గడప దాటల్యా. పక్కూరి నుంచి ఒక్కతే వచ్చి, మా అమ్మోళ్లకు నీళ్లు పోసి, తన పెండ్లి చీరలు తెచ్చి కప్పింది ఆమే."