కొత్త మార్కర్ గురి

మొదటి గోళీ సరిగ్గా కంట్లో తగిలింది.

గేటు పక్కన బోర్డు మీది ఫోటో కంట్లో. ఎవరో కుర్రాడు, రెండో కంటికి కట్టు. కింద పెద్ద అక్షరాలు: "మాస్క్ తీయకండి". ఆటకొచ్చిన ప్రతివాడూ గురి సరిచూసుకునేది ఆ మొహం మీదే. ఏళ్ల తరబడి పడిన రంగుల కింద మొహం పోలికలు ఎప్పుడో చెరిగిపోయాయి.

"అబ్బ! ఏం పేలిందిరా!" అన్నాడు చిటపట.

అసలు పేరు అది కాదు. కోపం చూసి బావ పెట్టింది. జట్టుకి కెప్టెనైనా ఆ పేరు వదల్లేదు.

మార్కర్ అంటే రంగు గోళీలు పేల్చే తుపాకీ. గోళీ ఒంటిమీద పగిలితే అవుట్. చెయ్యెత్తి అడవిలోంచి బయటికొచ్చెయ్యాలి. చెయ్యెత్తినవాణ్ణి ఎవరూ కొట్టకూడదు.

ఏటా చిటపట చేత చెయ్యెత్తిస్తున్నది అవతలి జట్టు కెప్టెన్, అంటే సాక్షాత్తూ బావే. అక్క ఇంట్లో భోజనానికి కూర్చుంటే చాలు, "మా బావమరిదికి చెయ్యెత్తడం అలవాటేలే, అడక్కుండా వడ్డించు" అంటాడు. ఆ మాటకి అక్క కూడా నవ్వుతుంది. అదీ మంట.

ఇవాళ ఫైనల్. అందుకే ఈ కొత్త మార్కర్. పొడుగు గొట్టం, భుజానికి ఆనే మడమ, పైన గురి చూసే అద్దం. పాతదానిలా దగ్గదు. చేతిలో పెంపుడు పిల్లిలా ఒదిగింది.

ఒకటే చిక్కు. చెంప ఆనించి గురి చూద్దామంటే మాస్క్ అడ్డం.

రిఫరీ తనిఖీ చేసి అటు తిరగ్గానే చిటపట మాస్క్ పట్టీ వదులు చేశాడు. ఇప్పుడు చెంప ఆనింది.

"పట్టీ బిగించు తమ్ముడూ."

వెనక్కి తిరిగాడు. నల్లద్దాలు, గడ్డం మధ్య లోతైన సొట్ట, చేతిలో కాలం చెల్లిన మార్కర్. జట్టుకి ఒకరు తగ్గారంటే రిఫరీ పంపిన మనిషి.

"ఆ బొమ్మని కూడా వదిలెయ్. చెట్టుని కొట్టుకో" అన్నాడాయన.

"ఏం, నీ మేనల్లుడా?"

జట్టంతా పగలబడి నవ్వింది. ఆయనా కొంచెం నవ్వాడు.

"చూడండి మాస్టారూ, మీ నీతులు మీ దగ్గరుంచుకోండి. నా వెనకే ఉండండి. బావ మాత్రం నా వాటా."

విజిల్ మోగింది.

చిటపట పొదల కింద పాక్కుంటూ పోయాడు. కొమ్మలు మొహాన్ని గీరుతున్నాయి. మాస్క్ అద్దం చెమటకి మసకబారింది. పడిపోయిన మాను వెనక చేరి మార్కర్ ఎత్తాడు.

ఉన్నట్టుండి అంతా తేటగా కనిపించింది. ఆకుల ఈనెలతో సహా. ఎదుటి పొదలో బావ టోపీ.

కొత్త మార్కర్ మహిమ! పెట్టిన ప్రతి పైసా దక్కింది.

"తమ్ముడూ, మాస్క్!" వెనక నుంచి కేక.

"ష్! అరవకు. చోటు తెలిసిపోతుంది!"

"మాస్క్ రా!"

వినిపించుకోలేదు. టోపీ కదిలింది. వేలు బిగించాడు.

ఫట్!

వీపు భగ్గుమంది. దగ్గర్నుంచి కొట్టిన దెబ్బ. రంగు నడుము దాకా కారింది. అలవాటైన చెయ్యి దానంతటదే పైకి లేచింది.

కొట్టింది నల్లద్దాలాయన.

బయటి పాకలోకి వచ్చాక చిటపట మాస్క్ పీకి నేలకి కొట్టాడు.

"సొంత కెప్టెన్నే కొడతావా? ఎంత ముట్టింది అవతలివాళ్ల దగ్గర?"

"నీ మాస్క్..."

"మళ్లీ అదే గోల! కళ్లు కనిపించవా నీకు?"

"సగం కనిపిస్తాయి" అన్నాడాయన, నల్లద్దాలు తగిలించుకుంటూ.

పాకలో నవ్వులు. చిటపటకి తల తిరిగిపోయింది. ఆయన మార్కర్ లాక్కుని బురదలోకి విసిరేశాడు.

"నడు! మళ్లీ ఈ గేటు లోపల కనిపించావంటే మర్యాదుండదు!"

ఆయన మార్కర్ ఏరుకున్నాడు. బురద తుడుచుకున్నాడు. తాపీగా గేటు వైపు నడిచాడు. అది ఇంకా మండింది.

ఆట ముగిసింది. బావ జట్టే గెలిచింది.

బావ వచ్చాడు. చిటపట పళ్లు బిగించి ఎదురుచూశాడు, ఆ ఎగతాళి ఎప్పుడొస్తుందా అని.

రాలేదు. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీ మాస్క్ నుదుటి మీదికి పోయింది, తెలుసా?"

"ఏంటి?"

"ఆకుల్లో నాకేదో మెరిసింది. అద్దం అనుకున్నా. దానికే గురిపెట్టా. నీ చెయ్యి లేచాక తెలిసిందిరా, అది నీ కన్ను." బావ చిటపట భుజం పట్టుకున్నాడు. "మీ అక్కకి ఏ మొహం పెట్టుకుని చెప్పేవాణ్ణి? ఎవర్రా నిన్ను కొట్టింది? వాడి కాళ్లు కడగాలి."

తేటగా కనిపించిన ఆ ఆకుల ఈనెలు చిటపటకి గుర్తొచ్చాయి.

పరుగెత్తాడు.

గేటు దగ్గర ఎవరూ లేరు. రోడ్డు మలుపులో మోటార్ సైకిల్ చప్పుడు సన్నబడి దూరంలో కలిసిపోయింది.

"ఆయనెవరు? ఎక్కడుంటాడు?" రిఫరీని అడిగాడు.

"ఏమో. ఎప్పుడైనా ఒంటరిగా వస్తాడు. ఎవరి జట్టులో ఖాళీ ఉంటే అందులో ఆడతాడు. ఇక రానని చెప్పి వెళ్లాడు."

చిటపటకి మళ్లీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

బోర్డు మీద పొద్దుట తను కొట్టిన రంగు ఇంకా తడిగానే ఉంది. కంట్లోంచి కారుతోంది.

చొక్కా విప్పి, నీళ్లలో ముంచి, తుడవడం మొదలుపెట్టాడు.

పై రంగు పోయింది. దాని కింది పాత రంగులు పెచ్చులుగా ఊడాయి. కట్టు, ముక్కు, పెదాలు బయటపడ్డాయి. చివరికి ఆ కుర్రాడి గడ్డం మధ్య, లోతైన సొట్ట.