పైపు పట్టే మనిషి

ఆ ఉదయం దేవుడికి దీపం పెట్టి, దేశం కాని దేశంలో, అల్ సద్‌లో నేను వంట చేసే ఇంట్లో టీ కాస్తున్నాను. లుసైల్‌లో బిల్డింగులు కట్టే సైటు గేటు దగ్గర లారీల చక్రాలు కడిగే తమ్ముడు మారుతి ఫోన్ చేశాడు.

“పెద్దక్కా, కడిగే మిషిన్ కొంటరట. ఒక రకం తానే కడుగుతది. ఇంకోదానికి మనిషి పైపు పట్టాలె. ఏది మంచిదని ఇంజనీరు రేపు మమ్మల్నడుగుతడట. పైపుదే చెప్తే నా డ్యూటీ ఉంటదని ఫోర్మన్ అంటుండు.”

“నువ్వేమన్నవ్?”

“అక్కనడగాలె అన్న. నవ్విండు.”

“నవ్వనీ. పొద్దుమీకి చెప్త.”

సాయంత్రం ఊళ్ళో అమ్మను కూడా ఫోన్‌లో కలిపాం. మారుతికి ముందు ఆ గేటులో పైపు పట్టింది మా చిన్న తమ్ముడు అంజి. వెనక్కొచ్చిన లారీ కింద పడి వాడు చనిపోతే, కంపెనీ దయతలచి అదే పని మారుతికిచ్చింది.

మనిషి అక్కర్లేని మిషినే కావాలని మారుతి అందరి ముందూ చెప్పాలని, పనిలోంచి పొమ్మంటే ఇంటికి రావాలని నిర్ణయించాం.