మధ్య స్టేషన్

"మధ్య స్టేషన్‌లో దిగొద్దండీ. పైదాకా పోదాం," అన్నాడు ప్రభుకిరణ్.

తీగకి వేలాడే కుర్చీ అప్పటికే ఇద్దర్నీ ఎక్కించుకుని నేల వదిలి గాల్లోకి లేచింది. బయట దుబాయ్ ఎండ మండిపోతోంది. మాల్ లోపల కట్టిన ఈ మంచుకొండ మీద మాత్రం నోరు తెరిస్తే పొగలొస్తున్నాయి.

మధ్య స్టేషన్ నుంచి కిందికొచ్చే వాలు హెప్సీకిప్పుడు బాగా అలవాటైంది. పై స్టేషన్ నుంచి వచ్చేది అలా కాదు. కింద నిలబడి చూస్తేనే గోడలా ఉంటుంది.

"పైది నాకింకా రాదండీ. ఎడమకి బాగానే తిరుగుతా, కుడికే తడబడతా. ఆగాలనుకున్న చోట ఆగడం వచ్చాకే పై వాలుకి వెళ్ళమంది మా కోచ్ తహ్మీనా."

"భలేవారే! మీరు మంచు మీద పక్షిలా జారతారట కదా. మరియకుమారి ఆంటీ చెప్పారు."

మరియకుమారి ఆంటీ వాళ్ళ చర్చిలో పెద్దావిడ. ఈ సంబంధం తెచ్చింది ఆవిడే. అమ్మాయి బనియాస్ ఆసుపత్రిలో నర్సు, అబ్బాయి జెబెల్ అలీ రేవులో గోడౌన్ సూపర్‌వైజర్, ఇద్దరిదీ గోదావరి జిల్లాయే. ఇంకేం కావాలంది. ఇద్దరూ విడిగా కలవడం ఇదే మొదలు. అవునో కాదో సాయంత్రానికల్లా ఆంటీకి చెప్పాలి.

"ఆంటీ ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా మంచు చూసుండరు," అంది హెప్సీ. "నేను మధ్యలో దిగిపోతున్నా. మీరూ దిగండి."

అతని నల్లటి గాగుల్స్ వెనక మొహం ఎలా ఉందో తెలియలేదు. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు.

మధ్య స్టేషన్ వచ్చేసింది. అడ్డంగా ఉన్న కడ్డీ లేపి హెప్సీ దిగిపోయింది. అక్కడి ఆపరేటర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కడ్డీ మళ్ళీ దించేశాడు. కుర్చీ ప్రభుకిరణ్‌ని పైకి తీసుకుపోయింది. అతను కనీసం తల కూడా తిప్పలేదు.

హెప్సీకి ఒళ్ళు మండిపోయింది. 'రాలేనని నోరు తెరిచి చెప్తే వినిపించుకోని మనిషి, రేపు ఇంట్లో మాత్రం వింటాడా? ఖలాస్. ఆంటీకి కాదని చెప్పేస్తా.'

కోపంలోనే కిందికి జారింది. మొదటి మలుపులోనే కాళ్ళకున్న పొడుగాటి స్కీలు ఒకదాని మీదొకటి ఎక్కబోయాయి. ఆగింది. ఊపిరి పీల్చుకుని, మోకాళ్ళు వంచి మళ్ళీ బయల్దేరింది. ఈసారి కుడికి తిరిగింది. ఇంకోసారి కూడా తిరిగింది. తడబడలేదు! చూసి మెచ్చుకునేవాళ్ళే పక్కన లేరు.

కిందికొచ్చి నిలబడింది. ప్రభుకిరణ్ రాలేదు. అతని తర్వాత కుర్చీ ఎక్కినవాళ్ళు కూడా దిగి వచ్చేశారు. అతను మాత్రం లేడు. ఫోన్ చేద్దామంటే రెండు ఫోన్లూ లాకర్లో ఉన్నాయి.

ఇంతలో పై వాలు మీంచి విజిల్ వినిపించింది. ఇద్దరు గార్డులు స్ట్రెచర్ బండి ఒకటి మెల్లగా కిందికి దించుతున్నారు. అందులో ఒక మనిషి. ప్రభుకిరణ్‌కి ఉన్నట్టే అద్దెకిచ్చే నీలం జాకెట్, హెల్మెట్, గాగుల్స్, గడ్డం దాకా దుప్పటి.

హెప్సీ స్కీలు విదిలించేసి, ఆ బరువు బూట్లతోనే పరుగెత్తింది.

"ప్రభూ! ప్రభూ!"

"మేడమ్, ప్రార్థన తర్వాత చేసుకోవచ్చు. ముందు దారివ్వండి," అన్నాడు గార్డు హిందీలో.

ఎవర్ని పిలుస్తోందో ఆమెకే తెలియలేదు. దారివ్వకుండా బండి అంచు పట్టుకుని నిలబడింది. గార్డు ఆ మనిషి గాగుల్స్ తీశాడు.

నీలికళ్ళు. ఎర్రగడ్డం. ఎవరో విదేశీయుడు.

హెప్సీ మంచులోనే కూలబడిపోయింది. "దేవా, స్తోత్రం," అనుకుంది. వెంటనే సిగ్గేసింది. పాపం, అతనికీ ఎవరో ఉంటారుగా! దగ్గరికి జరిగి, కాలివేళ్ళు కదపగలవా అని అడిగింది. కదిపానని తలూపాడు. మోకాలు బెణికినట్టుంది, పెద్ద దెబ్బేం కాదు. నవ్వుతున్నాడు కూడా.

ఆమె లేచి నిలబడేసరికి, ఖాళీగా దిగే కుర్చీల వరసలో ఒక దాంట్లో మనిషి కనిపించాడు. స్కీలని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని, కూర్చునే కిందికి వస్తున్నాడు. ప్రభుకిరణ్.

అతను కుర్చీ దిగీ దిగగానే హెప్సీ గ్లవ్‌తో అతని భుజం మీద ఒక్కటి వేసింది. "నా ప్రాణం పోయింది తెలుసా! ఎముకలు విరగ్గొట్టుకున్నారేమో అనుకున్నా."

"విరగ్గొట్టుకోవడానికి జారితే కదండీ! నేను చిన్నపిల్లలు నేర్చుకునే కింది వాలు తప్ప ఇంకోటి ఎరగను. కుర్చీ ఎక్కడం కూడా ఇవాళే మొదలు. మీ ముందు తక్కువైపోతానని పైదాకా అన్నాను. పైన ఆ వాలు చూడగానే నావల్ల కాదని అక్కడాయనకి చెప్పేశా. ఆయనే పుణ్యం కట్టుకుని కుర్చీలోనే దింపాడు."

"సిగ్గనిపించలేదా, అందరూ చూస్తుంటే?"

"సిగ్గేసిందండీ. కానీ కాళ్ళూ చేతులూ విరక్కుండా ఉన్నాయి కదా."

హెప్సీ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. రాదని ఒప్పుకుని వెనక్కి తిరిగిన మనిషితో బతకొచ్చు అనిపించింది.

"ఆంటీకి సరేనని చెప్పేస్తున్నా," అంది. "ఒక్కటి మాత్రం నిజం చెప్పండి. మీరూ దిగండి అని నేనంటుంటే, కనీసం తల కూడా తిప్పలేదేం?"

ప్రభుకిరణ్ గాగుల్స్ నుదుటి మీదకి నెట్టి, నేల చూపులు చూశాడు.

"మీతోపాటే దిగిపోదామనుకున్నానండీ బాబూ! తీరా కళ్ళు తెరిచేసరికి, పైకి వచ్చేసి ఉన్నాను."